చక్కెర నీళ్లకు మందు పేరు ఎవరిచ్చారు?

లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఓఆర్‌ఎస్ అంటే ఇదీ. మరి ఇన్నేళ్లూ ఆ పేరు తగిలించుకుని, యాపిల్ రుచి, ఆరెంజ్ రుచి అంటూ మెడికల్ షాపుల్లో అమ్ముడుపోయిన టెట్రా ప్యాకుల్లో ఏముంది? కొన్నింట్లో లీటరుకు వంద గ్రాములు దాటిన చక్కెర! వాంతులు, విరేచనాలతో సోలిపోయిన పసిబిడ్డ చేత కూల్‌డ్రింకు తాగించి, మందు పేరు చెప్పి డబ్బు గుంజారు. దీన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రాదు. ఇది మోసం.

ఆ కొలతలు ఎవరో సరదాకి వేసినవి కావు. మన పేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునీ జోడుగా లోపలికి లాక్కునే ప్రొటీన్ ఒకటుంది. ఆ రెండింటి వెనకే నీళ్లూ ఒంట్లోకి చేరతాయి. కలరా విషం పేగును అతలాకుతలం చేసినా ఆ దారి మూసుకుపోదు. చక్కెర హద్దు మీరితే మాత్రం కథ తిరగబడుతుంది. పీల్చుకోగా మిగిలిన చక్కెర ఒంట్లో నీళ్లనే పేగులోకి గుంజుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఏ మందుకోసం తల్లి పరుగెత్తిందో, దాని పేరుతోనే రోగం ముదురుతుంది.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బంగావ్‌లో కలరా ప్రబలింది. సెలైన్ నిండుకుంది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయనకు పద్మవిభూషణ్ 2023లో, చనిపోయాక వచ్చింది. ఆ డ్రమ్ముల్లోంచి పుట్టిన పేరునే కంపెనీలు రంగురంగుల డబ్బాల మీద అచ్చేసుకున్నాయి.

అచ్చేసుకోనిచ్చింది ఎవరు? ఆహార భద్రతను కాపాడాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ! బ్రాండు పేరులో ముందో వెనకో ఏదైనా చేర్చి ఓఆర్‌ఎస్ అని రాసుకోవచ్చని 2022 జులైలో అదే అనుమతిచ్చింది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద ఒక ముక్క రాస్తే చాలట. పేరేమో పెద్దక్షరాల్లో, నిజమేమో చిన్నక్షరాల్లో! అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకుని షాపు ముందు నిలబడ్డ తల్లి ఆ ఇంగ్లిషు చీమతలకాయలను చదువుకోవాలా? అబద్ధాన్ని పెద్దగా చెప్పనిచ్చి, నిజాన్ని గొణిగితే సరిపోతుందనే వాళ్లను నియంత్రణాధికారులు అంటారా?

హైదరాబాద్‌ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద మొత్తుకున్నారు, హైకోర్టు మెట్లెక్కారు. 2025 అక్టోబరు 14న గానీ ఆ అనుమతి రద్దు కాలేదు. అన్నాళ్లూ మన ఆరోగ్య పేజీల్లో ఎక్కువ భాగం ఏం చేస్తున్నాయి? గోరువెచ్చని నీళ్ల మహిమ, కరివేపాకు మహత్తు రాసుకుంటూ కూర్చున్నాయి. డబ్బా వెనక్కి తిప్పి గ్రాములు లెక్కబెట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. ఆ పని చేయని విలేకరి సైన్సు రాస్తున్నానని చెప్పుకోవడం దండగ.

రుచిగా ఉంటేనే పిల్లలు తాగుతారని కంపెనీలు వాదిస్తాయి. తాగుతారు, నిజమే. తాగితే ఏమవుతుందన్నదే కదా ప్రశ్న! ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చే పొట్లంలో సరైన కొలత ఉండగా, రుచి సాకుతో చక్కెర అంటగట్టే హక్కు ఎవరికీ లేదు.

పేరు తీసేయించి చేతులు దులుపుకుంటే కుదరదు. అవే డబ్బాలు రేపు కొత్త పేరుతో మందుల వరసలోనే నిలబడతాయి. వాటిని అక్కణ్నుంచి తీసి కూల్‌డ్రింకుల పక్కన పెట్టించాలి. ఓఆర్‌ఎస్ అడిగితే వేరేది చేతిలో పెట్టే షాపుకు జరిమానా వేయాలి. 2022లో ఆ అనుమతి మీద సంతకం ఎందుకు పడిందో, ఎవరడిగితే పడిందో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ కాగితాలన్నీ జనం ముందు పెట్టాలి.