ఇంట్లో కలంకారీ : కాలక్షేపమా? పనా?

సెలవుల్లో ఏం చేశావని అడిగితే "కలంకారీ నేర్చుకున్నాను" అని చెప్పే అమ్మాయిలు మన కళాశాలలో ఏటేటా పెరుగుతున్నారు. అబ్బాయిలూ లేకపోలేదు, కాకపోతే వాళ్లు బయటికి చెప్పుకోరు! సంతోషించవలసిన విషయమే. అయితే నేర్చుకున్న పనిని ఇంట్లో సాగించడానికి ఏం కావాలన్న మాట వచ్చేసరికి, ఎవరిని కదిపినా బల్ల, కుంచెలు, రంగుల డబ్బాల జాబితా అప్పజెబుతారు. నన్నడిగితే అవన్నీ ఆఖరున కొనవలసినవి. ముందు చూసుకోవలసింది నీళ్లు, ఎండ. వాటికంటే ముందు, భోజనాల వేళకు ఖాళీ చెయ్యమని ఎవరూ అడగని ఒక మూల.

శ్రీకాళహస్తిలో ఈ విద్య స్వర్ణముఖి ఒడ్డున పెరిగిందంటే కారణం ఉంది. నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండలో ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు కలం గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకొని, వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టిన కలంతో నల్లగీత దిద్దుతారు. ఆ నలుపు అంగట్లో కొన్నది కాదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిమి. కుండలో ఉన్నప్పుడు అదంత నల్లగా ఉండదు. గుడ్డమీది కరక్కాయను తాకాకనే చిక్కగా నల్లబడుతుంది. (కెమిస్ట్రీ మిత్రులకు ఇనుము, టానిన్ అంటే చాలు.) ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు పూసి, ఆరాక పారే నీటిలో ఉతికి, ఆపైన మంజిష్ఠ వేళ్లతో కాస్తారు. పారే నీరే ఎందుకయ్యా అంటే, గుడ్డ విడిచిన పటిక మళ్లీ దానిమీదే మరోచోట కూర్చుంటే అక్కడా ఎరుపు ఎక్కుతుంది.

ఇదంతా చదివి ఊరుకున్నదాన్ని, చేసేటప్పుడు మరిచిపోయాను. మా మూడో అంతస్తు వాటాలో ఒక్క బకెట్టు నీళ్లలో ముంచి తీశాను. తెల్లగా ఉండవలసిన నేలంతా దద్దుర్లు లేచినట్టు ఎర్రమచ్చలు! చాలదన్నట్టు ఎరుపు కాచింది ఇనుప బాణలిలో. ఇనుము తగిలితే ఎరుపు వక్కరంగుకు దిగిపోతుందని అప్పుడు తెలిసింది. ఆ బాణలి మళ్లీ వంటకు పనికిరాదని అమ్మ చెప్పకముందే తెలిసింది. కనుక నేర్చుకునేవారు మొట్టమొదట విడిగా ఒక స్టీలు గిన్నె కొనుక్కోండి. రసాయన రంగుల పొడులు వాడేవారైతే, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి గనక ముక్కుకు గుడ్డ కట్టుకుని కలపండి. వంటింట్లో మాత్రం వద్దు.

ఇక అసలు సంగతి. "ఏమే, ఆ కంపు కుండ ఇంకెన్నాళ్లే? చుట్టాలొస్తున్నారు, తీసి మంచం కిందకి తొయ్యి" అంటుంది అమ్మ. సగం ఆరిన గుడ్డను మడిచి తొయ్యడమంటే నాలుగు రోజుల పని పోయినట్టే. మా అన్నయ్య పోటీపరీక్షలకు చదివే బల్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. చుట్టాలే చుట్టూ తిరిగి నడుస్తారు. అమ్మ చెడ్డదని కాదు. ఆ బల్లమీద జరిగేది పని, నా చాపమీద జరిగేది కాలక్షేపం అని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నాం. "అనుకుంటున్నాం"లో నేనూ ఉన్నాను.

నేతగాని ఇంట ఈ గొడవ లేదు. గుంటమగ్గం తవ్వాకే మంచం ఎక్కడ వెయ్యాలో ఆలోచిస్తారు. అలాగని ఆ ఇంటిని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. మగ్గానికి చోటున్నా, పక్కన కూర్చుని ఆసు పోసే ఇల్లాలి భుజం నొప్పి చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. పోచంపల్లి తరహా చీర ఒక్కదానికి మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడించాలి. నాలుగైదు గంటల పని. తల్లి పడే ఆ బాధ చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద 2019లో సినిమా కూడా వచ్చింది. ఇంట్లో జరిగే పని గనక కూలి కట్టనక్కరలేదన్న లెక్కే మన హాబీల దగ్గరా నడుస్తోంది. అమ్మిన దుపట్టాకు గుడ్డ ఖర్చు, రంగు ఖర్చు వేసుకుని "లాభం వచ్చింది" అని మురిసిపోయే స్నేహితురాలు నాకొకతె ఉంది. ఎన్ని గంటలు పట్టిందే అంటే నవ్వేస్తుంది. ఆ గంటలు కట్టిచూస్తే నష్టానికే అమ్మింది.

1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ మొదలయ్యేనాటికి, ఈ పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. వారికి దొరికినది నేర్పడానికి, నేర్చుకోవడానికి ఒక చోటు. అటువంటిదే చిన్న ఎత్తున మన యూనియన్ చెయ్యలేదా? ప్రదర్శనలూ, బహుమతులూ తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో చోటులేనివారికి ఆదివారాలు హాస్టలు వెనుక ఆవరణ తెరిస్తే చాలు. అక్కడ మధ్యాహ్నం మూడింటిదాకా ఎండ పడుతుంది, కుళాయి ఉంది, ఉతికే బండ కూడా ఉంది. వాడిన నీళ్లు మురుగుకాలవలోకి వెళ్లేట్టు చూసుకునే పూచీ మాది. గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందో నాలుగు వారాలుగా అడుగుతున్నాను. ఆఫీసులో వార్డెన్ని అడగమంటారు, వార్డెన్ ఆఫీసులో అడగమంటారు.