విరిగిన కాలు, నిండిన కంచం

కాలు విరిగి మంచం పట్టిన మనిషికి మన ఇళ్లలో మొదటి మందు తిండే. మా బాబాయి స్కూటర్ మీద వెళ్తూ మలుపులో కంకర మీద జారి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. తిరుపతిలో ఆపరేషన్ చేసి రాడ్ వేసి పంపించారు. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి చూడాలి పిన్ని హడావుడి! పొద్దున్నే మేక కాళ్ల సూపు, ఆ వెనకే ఇడ్లీలు. మధ్యాహ్నం అన్నం మీద నెయ్యి గరిటెతోనే. సాయంత్రం చూడ్డానికొచ్చిన చుట్టాలు తలా ఒక బిస్కెట్ ప్యాకెట్టో, హార్లిక్స్ సీసానో, అరటిపళ్ల అత్తమో తెస్తారు. అవి పాడవకూడదు కదా, రాత్రికి అవీ ఖాళీ. ఎవరైనా వద్దంటే "తినకుంటే ఎముక ఎట్ల అతుక్కుంటాది?" అని పిన్ని ఎదురుప్రశ్న.

ఎముక అతుక్కుంది. ఎక్స్‌రే చూసి డాక్టరు భేష్ అన్నాడు. అప్పటికే బాబాయి బాగా ఒళ్లు చేశాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, బాగున్న కాలి మోకాలు కూడా నొప్పి. వాకర్ వదలాల్సిన మనిషి దాన్నే గట్టిగా పట్టుకున్నాడు. "నడవలేక లావైతి, లావయ్యి నడవలేకున్నా" అంటాడు. ఇంతకంటే సూటిగా ఆ జబ్బును ఏ వైద్యుడూ చెప్పలేడు.

రాడ్ వేయించుకున్నవాళ్ల కథే కాదిది. మా వైపు పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టు కట్టించుకుని ఇల్లు చేరాక వాళ్లదీ ఇదే వరస. ఎముక కలిసేదాకా పట్టించుకునేవాళ్లున్నారు. ఆ తర్వాత మనిషి లేచి తిరగడం ఎవరి బాధ్యత?

మంచం మనిషిని ఎంత త్వరగా తినేస్తుందో తెలుసా? 2007లో అమెరికా వైద్యసంఘం పత్రిక జామాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 12 మంది పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచారు. కాళ్లలోంచే దాదాపు ఒక కిలో కండ పోయింది. జబ్బు లేదు, దెబ్బ లేదు, ఉత్త పడకే. కాలు విరిగినవాడికి ఈ పడక వారాలు, నెలలు. కింద కండ కరుగుతుంటే పైన కొవ్వు పేరుకుంటుంది. మోసే కాలు బక్కచిక్కుతుంది, మోయాల్సిన ఒళ్లు పెరుగుతుంది.

మోకాళ్ల అరుగుదల ఉన్న స్థూలకాయుల మీద 2005లో వచ్చిన ఇంకో అధ్యయనం లెక్క ఇంకా ఆశ్చర్యం. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. పది కిలోలు తగ్గితే అడుగుకు నలభై కిలోలు. రోజుకు ఎన్ని అడుగులు వేస్తామో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

"అదంతా సరే అబ్బా, నడిస్తే కదా బరువు తగ్గేది! నడవలేనోడు ఏం చేయల్ల?" అని బాబాయి. నేను ఈ వారం రాయడానికి కారణం ఈ ప్రశ్నే. నడవకపోయినా తగ్గొచ్చు. 2013లో వచ్చిన ఐడియా అనే అధ్యయనం, అదీ మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీదే, 454 మందిని మూడు జట్లు చేసి పద్దెనిమిది నెలలు గమనించింది. వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లు సగటున 1.8 కిలోలు తగ్గారు. తిండి ఒక్కటే సవరించుకున్నవాళ్లు 8.9 కిలోలు. రెండూ చేసినవాళ్లు 10.6 కిలోలు. నొప్పి తగ్గడంలో, నడక బాగుపడటంలో ముందున్నది కూడా ఈ మూడో జట్టే. విరిగిన తొడ, అరిగిన మోకాలు ఒకటి కాదు, నిజమే. కానీ బరువు ఎక్కడ తగ్గుతుందన్న దానికి జవాబు మాత్రం ఒకటే, కంచంలో.

అలాగని పిన్ని మాట కొట్టిపారేయలేం. ఎముక అతకడానికి తిండి కావాలి, అది మాంసకృత్తులున్న తిండి కావాలి. ఆ రోజుల్లో పస్తులుండటం తెలివితక్కువ. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు పెట్టి, రెండోసారి వడ్డించే అన్నం ఆపితే చాలు. కాల్షియం కోసమైతే సూపును నమ్ముకోనక్కర్లేదు, గ్లాసు పాలున్నాయి, మన రాగులున్నాయి. (సంగటి ముద్ద ఎంత ఉండాలన్నది వేరే పంచాయితీ.) హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజు మొత్తం శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. మనవాళ్లు తినేది 50 నుంచి 70 శాతం. మంచం మీద ఉన్న మనిషికి ఈ తేడా ఎక్కడికి పోతుందో బాబాయి చొక్కా గుండీలనడిగితే చెప్తాయి.

కండ కోసం కుర్చీ చాలు. ఫిజియో నేర్పించాక బాబాయి ఇప్పుడు వసారాలో ప్లాస్టిక్ కుర్చీ గోడకు ఆనించి కూర్చుంటాడు. మోకాలు సాగదీసి కాలు ముందుకు చాపి, పెదాలు బిగించి కాసేపు ఆపి, మెల్లగా దించుతాడు. ఆ తర్వాత కుర్చీ చేతుల సాయంతో లేవడం, కూర్చోవడం. నీళ్ల సీసాలు రెండు చేతులా ఎత్తి దించడం. కాలి మీద ఎంత బరువు మోపాలో ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాకే ఇవన్నీ. పక్కింటి వాళ్లకు ఇదంతా తమాషాగానే ఉంది. అసలు అడ్డంకి వాళ్లు కాదు, చుట్టాలు. మొహం కాస్త తేలగానే "ఏందిరా ఇట్ల చిక్కిపోతివే, పెట్టేవాళ్లు లేరా?" అని పిన్ని ముందే అంటారు. ఆ పూట మళ్లీ నెయ్యి గిన్నె బయటికొస్తుంది.

నడవలేని మనిషి బరువు తగ్గడమంటే, వాట్సప్‌లో ఏళ్లుగా తిరిగే వీడియో ఒకటి మీకూ వచ్చే ఉంటుంది. గల్ఫ్ యుద్ధకాలపు అమెరికా పారాట్రూపర్ ఒకాయన విమానాల్లోంచి దూకీ దూకీ వెన్నూ మోకాళ్లూ పాడుచేసుకున్నాడు, చేతికర్రలు పట్టాడు, విపరీతంగా లావయ్యాడు. పదిహేనేళ్ల తర్వాత, డైమండ్ డల్లాస్ పేజ్ అనే మాజీ రెజ్లర్ నేర్పే యోగా పట్టుకుని పది నెలల్లో 140 పౌండ్లు, అంటే 63 కిలోల దాకా తగ్గాడు. చివర్లో పరుగెత్తుతాడు. అందరూ ఆ పరుగు చూస్తారు. నాకు అంతకుముందు పడిపోవడాలు నచ్చాయి, కుర్చీ పట్టుకుని నిలబడబోయి దభాలున పడి మళ్లీ లేవడాలు. ఇంకొకటి, ఇతర యోగా గురువులు నీకు నేర్పలేమన్నప్పుడు పేజ్ స్వయంగా ఫోన్లో మాట్లాడి వెంటపడ్డాడు. పట్టుదల ఆ పారాట్రూపర్‌దే, కానీ పట్టించుకున్నవాడు ఇంకొకడున్నాడు.

అయితే ఈ వీడియోను వీల్‌చెయిర్‌లో ఉన్న ప్రతివాళ్లకూ పంపేవాళ్లతో నాకు పేచీ ఉంది. తాటిచెట్టు మీంచి పడి వెన్నుపాము తెగిన గీత కార్మికుడు బరువు తగ్గినంత మాత్రాన లేచి నడవడు. ఆయనకు "ప్రయత్నిస్తే నువ్వూ లేస్తావు" అని పంపడం ఓదార్పు కాదు, నింద. బరువు అదుపులో ఉంటే ఆయనకూ లాభముంది. మంచం మీంచి కుర్చీలోకి మారడం తేలిక, భుజాల మీద భారం తగ్గుతుంది, ఎత్తి దించే భార్య నడుం బాగుంటుంది. అవి పరుగుల్లాగా వీడియోకెక్కవు.

బాబాయికి ఆస్పత్రివాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు చూశాను. మాత్రలు వరసగా ఉన్నాయి, కుట్లు తీసే తేదీ ఉంది, మళ్లీ రావాల్సిన తేదీ ఉంది. ఏం తినాలో ఒక్క ముక్క లేదు. రాడ్ ఏ కంపెనీదో మాత్రం స్టిక్కర్ అంటించి మరీ ఇచ్చారు.