చుట్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

కొత్త బ్యాటరీ వేసిన నెలకే మా బండి సెల్ఫ్ మళ్లీ మొరాయించింది. మల్టీమీటరు పెట్టి చూస్తే తప్పు బ్యాటరీది కాదు. బ్యాటరీని ఛార్జ్ చేసే కరెంటు పుట్టేది స్టేటర్ కాయిల్‌లో. ఆ స్టేటర్ నుంచి వచ్చే మూడు తీగల్లో ఏది బాడీకి తాకించినా బీప్ మంటోంది. లోపల కాయిల్ కాలింది. కొత్తది కొనకుండా ఇంట్లోనే చుడదామని కూర్చున్నాను. మూడు ఆదివారాలు పట్టింది.

బోరు మోటార్లు చుట్టే మేస్త్రీ గారిని ముందే అడిగాను. "విప్పేటప్పుడు లెక్క తప్పితే చుట్టేటప్పుడు దిక్కుండదు బాబూ" అన్నారు. ఆ మాట పట్టుకుని ఒక్కో చుట్టూ విప్పుతూ కాగితంమీద గీతలు గీశాను. 18 పళ్లు, పంటికి 33 చుట్లు. ఎనామిల్ గీకి మైక్రోమీటరుతో కొలిస్తే తీగ మందం 0.91 మిల్లీమీటర్లు, అంటే 20 గేజి. తిరిగే మాగ్నెట్‌లో 12 ధ్రువాలున్నాయి. అందుకే ప్రతి మూడో పన్నూ ఒకే ఫేజుది, అన్నిటికీ చుట్టే దిశ ఒకటే. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రాన్ని పరీక్షల కోసం ఎన్నిసార్లు రాశానో! అది నిజంగా అర్థమైంది మాత్రం, తీగ బిగించి బిగించి వేళ్లు ఎర్రబడ్డాకే.

తీగ దగ్గర పొదుపు పనికిరాదు. ఇంజిన్ వేడికి తట్టుకోవాలంటే 180 డిగ్రీలకు పైబడిన ఎనామిల్ ఉండాలి. చుట్లు సర్దడానికి స్క్రూడ్రైవర్ వాడకూడదు, వెదురు పుల్ల చాలు. చిన్న గీత పడినా అక్కడే షార్టవుతుంది. స్టేటర్ తీగలను కలిపే కప్లర్ మాడి ఉంటే దాన్ని కూడా మార్చాలి. లేకపోతే కొత్త కాయిల్‌కూ అదే గతి.

నా బాధ ఒక్కటే. నేను తిరగేసిన సర్వీసు పుస్తకాల్లో కాయిల్ ఎన్ని ఓములు చూపాలో ఉంది. ఎన్ని చుట్లో, ఏ గేజో లేదు. ఆ రెండు అంకెలుంటే కాలిన కాయిల్‌ను ఏ ఊళ్లోనైనా చుట్టుకోవచ్చు. లేవు కాబట్టే మంచి ఇనుము తుక్కులోకి పోతోంది. మరమ్మతు హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. కంపెనీలు ఈ రెండు అంకెలు కూడా అందులో పెట్టాలి. పెట్టమని కొనేవాళ్లం మనమే అడగాలి.

వార్నిష్ ఆరాక బిగించి స్టార్ట్ చేశాను. మూడు జతల తీగల్లోనూ వోల్టేజీ సమానంగా వచ్చింది. గీతలు గీసిన ఆ కాగితాన్ని తీసుకెళ్లి మేస్త్రీ గారికిచ్చాను. బండి మోడల్ పేరు పైన రాసి, షాపు గోడకు అంటించుకున్నారు.