ముద్ర దొంగదైతే... నింద యజమానికే!

- సంతకం సరిచూడని సర్వర్లతో పెను ముప్పు
- అమెరికా నుంచి పెద్దపల్లి వరకు ఇదే పాఠం

రామసముద్రం: రేషన్ దుకాణంలో వేలిముద్ర, మీసేవలో ఆధార్, సెల్‌ఫోన్‌కు ఓటీపీ... పల్లెల్లోనూ నేడు మనిషి మాటకన్నా సర్వర్ మాటే చెల్లుబాటవుతోంది. ఆ సర్వరే నకిలీ గుర్తింపును నమ్మితే సామాన్యుడి గతేమిటన్నది ఆలోచించాల్సిన అంశం.

టోకెన్ అంటే..
జాతరలో అన్నదానం టోకెన్ చూపితే పంక్తిలో కూర్చోబెడతారు. దానిపై ముద్ర తప్ప మరేమీ అడగరు. సర్వర్ కూడా పాస్‌వర్డును ఒకసారి సరిచూసి, రహస్య తాళంతో సంతకం చేసిన టోకెన్ ఇస్తుంది. ఆపై టోకెన్‌నే నమ్ముతుంది. తాళం పరుల పాలైనా, సంతకం తనిఖీలో లోపమున్నా పాస్‌వర్డు తెలియకుండానే ఎవరి పేరుతోనైనా చొరబడవచ్చు. టోకెన్ తనకు సంతకం అక్కర్లేదని చెబితే చాలు, నమ్మేసే లోపం 2015లో పలు జేడబ్ల్యూటీ సాఫ్ట్‌వేర్లలో బయటపడింది.

దిగ్గజానికీ తప్పలేదు
తెలుగువాడైన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్‌కు 2023లో ఇదే అనుభవం ఎదురైంది. 2016 నాటి సంతకపు తాళం చైనాకు చెందిన హ్యాకర్ల చేజిక్కింది. అది వ్యక్తిగత ఖాతాలకు ఉద్దేశించినదే అయినా, తనిఖీ లోపం వల్ల సంస్థల ఈ-మెయిళ్లూ తెరుచుకున్నాయి. ఒక్క అమెరికా విదేశాంగ శాఖ నుంచే సుమారు 60 వేల ఈ-మెయిళ్లు తరలిపోయాయి. ఈ-మెయిళ్లు తెరిచిన వివరాల చిట్టాను గమనించి ఆ శాఖే చోరీని పసిగట్టింది. ఇది నివారించదగ్గ ఘటనేనని అమెరికా సైబర్ భద్రత సమీక్ష బోర్డు 2024లో తప్పుపట్టింది.

మన చెంతా అంతే
2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఓ సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు సేకరించి, రబ్బరు నకళ్లతో వేల సిమ్‌లను క్రియాశీలం చేసినట్లు పోలీసులు తేల్చారు. అక్కడ ఫోర్జరీ అయింది టోకెన్ కాదు, వేలిముద్ర. అయినా రెండుచోట్లా ముద్రను చూసి మనిషిని నమ్మడమే మూలకారణం.

భారం ఎవరిది?
ఇలాంటి మోసంలో తాళం పగిలిన ఆనవాలు ఉండదు. రికార్డులో అసలు యజమానే ఆ పని చేసినట్లు కనిపిస్తుంది. తాను చేయలేదని నిరూపించుకోవడం నిరక్షరాస్యుడైన రైతుకు సాధ్యమా? ఆధార్ బయోమెట్రిక్‌కు లాక్ వేసుకునే వీలుంది గానీ, రేషన్‌కు వెళ్లే ముందు దాన్ని తెరవాలి. సర్వర్ లోపాన్ని అదీ ఆపలేదు. సంతకపు తాళాలను గడువులోగా మార్చడం, ప్రతి టోకెన్ ఎవరికి, ఎందుకు, ఎంతకాలానికి ఇచ్చిందో సరిచూడడం, చిట్టాలు భద్రపరచడం నిర్వాహకుల విధి. మోసం జరిగితే రుజువు భారమూ వారే మోయాలి. అప్పుడే పల్లె జనానికి భరోసా.