కల్పితలోకపు కట్టుబాటు

విశ్వామిత్రుడు త్రిశంకువు కోసం దక్షిణ దిక్కున వేరొక స్వర్గాన్ని నిర్మించాడన్న కథ తెలుగువారికి చిరపరిచితం. కొత్త నక్షత్రాలను సృష్టించడం ఆ మహర్షికి కష్టం కాలేదు. కాని ఆ సృష్టికి పట్టుదల తప్ప వేరొక ఆధారం లేకపోవడం చేత త్రిశంకువు తలక్రిందులుగా వ్రేలాడుతూ నిలిచిపోయాడు.

కొత్త లోకాలను కల్పించే రచయితలకు సైతం ఇటువంటి చిక్కే ఎదురవుతుంది. కొండలు, నదులు, రాజవంశాలు, వింత భాషలు కల్పించడానికి ఊహాశక్తి ఉంటే చాలు. ఆ లోకం ఏ విలువ మీద నిలిచిందో మరువకుండా, భాగం తరువాత భాగంగా ఏళ్ల తరబడి దానిని నడిపించడం మాత్రం వేరొక విద్య. కంప్యూటర్ మీద ఆడే అద్భుతకథల ఆటలకు ఈ విద్య మరింత అవసరం. రోల్ ప్లేయింగ్ గేమ్ అని పేరుపొందిన ఈ ఆటలలో ఆటగాడు ఒక పాత్రను ధరించి కల్పితదేశంలో సంచరిస్తాడు, ఊళ్లలోని జనంతో మాట్లాడతాడు, యుద్ధాలు చేస్తాడు, మాట ఇస్తాడు, కొన్నిసార్లు తప్పుతాడు. నవలలో పొరపాటు దొర్లితే పాఠకుడు ముఖం చిట్లించి పుట తిప్పుతాడు. ఆటలోని లోకమే తన మాట తాను తప్పితే, అందులో వందల గంటలు గడిపినవాడికి తాను చేసిన పనులకే అర్థం లేకుండా పోయినట్లవుతుంది.

అమెరికాకు చెందిన రిచర్డ్ గారియట్ రూపొందించిన అల్టిమా ఆటల పరంపర ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన ఉదాహరణ. దీని మొదటి భాగం 1981లో వెలువడింది. 1983లో వచ్చిన మూడవ భాగం వరకు కథ ఒక్కటే: దుష్టుడొకడు పుడతాడు, ఆటగాడు బలం సంపాదించి వాణ్ణి సంహరిస్తాడు. ఆ బలం ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. అంగళ్లలో దొంగతనం చేసినా, నిరపరాధులను చంపినా అతడు వీరుడే. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెత ఇటువంటి వీరుల కోసమే పుట్టిందేమో!

1985లో వెలువడిన నాలుగవ భాగం ఈ ధోరణిని తలక్రిందులు చేసింది. అందులో చంపవలసిన మహాదుష్టుడు లేడు. సత్యం, ప్రేమ, ధైర్యం అనే మూడు మూలసూత్రాలు, వాటి నుండి ఏర్పడే ఎనిమిది సద్గుణాలు ఆ లోకానికి ఆధారం. సత్యం నుండి నిజాయితీ, ప్రేమ నుండి కరుణ, ధైర్యం నుండి శౌర్యం కలుగుతాయి. సత్యమూ ప్రేమా కలిస్తే న్యాయం. ప్రేమా ధైర్యమూ కలిస్తే త్యాగం. సత్యమూ ధైర్యమూ కలిస్తే గౌరవం. మూడూ కలిసినది ఆధ్యాత్మికత. ఎనిమిదవదైన వినయం ఈ మూడింటిలో దేని నుండీ పుట్టలేదు. ఆటగాడు ఈ గుణాలన్నింటినీ ఆచరణలో సాధించి 'అవతార్' కావాలి.

ఈ పేరు భారతీయుల 'అవతారం' నుండి తీసుకొన్నదే. అవతారమంటే దిగిరావడం. ధర్మరక్షణకై దైవం భూమికి దిగిరావడం ఇక్కడి భావన. మానవుడు సాధనతో పైకి ఎదగడం ఆ ఆటలోని భావన. అరువు తెచ్చుకొన్న పదం అర్థం మార్చుకోవడం వింత కాదు. అయితే ఈ పరంపరలోని చివరి భాగానికి 'ఆరోహణం' అనే అర్థం వచ్చే పేరు పెట్టడం తెలుగు చదివినవారికి చిరునవ్వు తెప్పించకపోదు.

ఈ విలువలు ఉపన్యాసాలుగా మిగలకపోవడమే ఆ ఆట గొప్పతనం. మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మేది ఒక అంధురాలు. ఎంత ఇవ్వాలో ఆమె చెబుతుంది. ఎంత ఇచ్చేదీ ఆటగాడి ఇష్టం. తక్కువ ఇస్తే ఆమె కనిపెట్టలేదు, ఎవరూ పట్టుకోరు. కాని అతడి నిజాయితీ తరిగినట్లు ఆట లోలోపల లెక్క వ్రాసుకొంటుంది. బిచ్చగాడికి నాణెం వేస్తే కరుణ, వైద్యశాలలో రక్తదానం చేస్తే త్యాగం పెరుగుతాయి. ఊళ్లు సైతం ఈ సూత్రానికి కట్టుబడినవే. వినయానికి నెలవు కావలసిన మజింషియా నగరం గర్వం చేత నాశనమై, దయ్యాలు తిరిగే శిథిలంగా కనిపిస్తుంది. తరువాతి భాగాలలో అది కొత్త మజింషియా అన్న పేరుతో సాదాసీదా జనం నివసించే చిన్న ఊరుగా మళ్లీ వెలుస్తుంది. ఎవరూ వివరించి చెప్పకుండానే ఒక ఊరి చరిత్ర వినయమంటే ఏమిటో చూపుతుంది.

ఇంతవరకు సాధించిన తరువాత ఐదవ భాగంలో అదే పాఠాన్ని మరొకసారి వల్లించడం సులభం. 1988లో వచ్చిన ఆ భాగం వల్లించలేదు, పరీక్షించింది. రాజు లార్డ్ బ్రిటిష్ పాతాళంలో చిక్కుకుపోగా, బ్లాక్‌థార్న్ అనే ప్రభువు పాలన చేపట్టి ఎనిమిది సద్గుణాలను ఎనిమిది శాసనాలుగా మారుస్తాడు. అబద్ధమాడితే నాలుక కోస్తారు. సంపాదనలో సగం దానం చేయనివారికి సంపాదనే లేకుండా చేస్తారు. గుణాలు అవే, పేర్లు అవే. లోకం మాత్రం నరకం. భయంతో చేసిన దానం దానమవుతుందా అన్న ప్రశ్న నాలుగవ భాగం ఆడినవాడి గుండెలో గుచ్చుకొంటుంది. ఎందుకంటే ఆ గుణాలను లోకానికి ఆదర్శంగా నిలిపినది తానే.

1990 నాటి ఆరవ భాగం ఇంకొక అడుగు ముందుకు వేసింది. గార్గాయిల్ అనే రెక్కల జాతి బ్రిటానియా మీదికి దండెత్తుతుంది. చూడడానికి వారు రాక్షసులే. కథ సాగేకొద్దీ తెలిసేదేమంటే, నాలుగవ భాగం చివర ఆటగాడు సాధించిన జ్ఞానగ్రంథం వారికీ పవిత్రమైనదే. అది తరలిపోవడంతో వారి భూమి కూలిపోసాగింది. వారి దృష్టిలో అవతార్ రక్షకుడు కాడు, తమ నాశనానికి వచ్చిన కపట ప్రవక్త. వారికీ మూడు మూలసూత్రాలు, సద్గుణాలు ఉన్నాయి. ఐదేళ్ల క్రితం గెలిచిన గెలుపునకు మరొక జాతి మూల్యం చెల్లించిందని ఆటగాడు తెలుసుకోవడం కంటే పెద్ద మలుపు ఈ ఆటల చరిత్రలో అరుదు. ఏకసూత్రత అంటే మార్పు లేకపోవడమని అనుకొనేవారు ఈ భాగాన్ని గమనించాలి. ఇక్కడ దాదాపు అన్నీ మారాయి. ప్రశ్న మాత్రం మారలేదు.

వేరొక మార్గాన్ని బెథెస్డా సంస్థ వారి ఎల్డర్ స్క్రోల్స్ ఆటలలో చూడవచ్చు. 1996 నాటి డాగర్‌ఫాల్‌కు ఒకదానితో ఒకటి పొసగని పలు ముగింపులున్నాయి. తరువాతి కథకు వాటిలో ఏది నిజం? కాలమే ఆ సమయంలో చీలిపోయి అన్నీ జరిగాయని తరువాతి ఆటలలోని గ్రంథాలు చెబుతాయి. ఏ ఆటగాడి శ్రమనూ త్రోసిపుచ్చని ఉదారమైన ఉపాయమిది. సిరొడీల్ దేశం విషయంలో అంత నేర్పు కనబడదు. పూర్వపు రచనలు దట్టమైన ఉష్ణారణ్యంగా వర్ణించిన ఆ దేశం 2006 నాటి ఆబ్లివియన్‌లో చల్లని పచ్చిక మైదానాలతో దర్శనమిచ్చింది. దేవుడైన చక్రవర్తి అడవిని మార్చివేశాడన్న సమాధానం 2011 నాటి స్కైరిమ్‌లోనూ వినిపిస్తుంది. అది అతుకు, చూడగానే అతుకని తెలుస్తుంది.

అతుకు సైతం వేయనిచోటు అల్టిమా తొమ్మిదవ భాగం. 1999లో అది వెలువడేనాటికి త్రిమితి చిత్రాలు, సముద్రం, ఆకాశం కన్నుల పండుగగా రూపొందాయి. సాంకేతికంగా ఆనాటికి అది సాహసమే. ఆ మాట ఒప్పుకోవలసిందే. కాని బ్రిటానియా నేలను ఎన్నోసార్లు తొక్కిన అవతార్, అక్కడి పసిపిల్లలకు సైతం తెలిసిన సంగతులను క్రొత్తగా వచ్చిన బాటసారి వలె అడుగుతాడు. పాలడిన్ అంటే ఏమిటని కూడా అడుగుతాడు. పాత ఆట తెలియనివారికి పరిచయం చేయాలన్న ఉద్దేశంతో ఆ ప్రశ్న పెట్టి ఉండవచ్చు. ఆ పరిచయానికి వేరొక పాత్రను ఎంచుకొని ఉంటే సరిపోయేది. నాలుగవ భాగం ఆరంభంలో ఒక సోదెగత్తె ధర్మసంకటాలు అడిగి, వచ్చిన జవాబులను బట్టి ఆటగాడి వృత్తిని నిర్ణయిస్తుంది. 1985లో ఆమె ఎదుట కూర్చొని, అన్నింటికంటె గౌరవమే మిన్న అని జవాబు చెప్పినవాడికి ఆమె ఇచ్చిన పేరు పాలడిన్.