ఆకు పెరిగితే చాలునా?

మొక్కలకు బొగ్గుపులుసు వాయువే ఆహారమనీ, గాలిలో అది ఎంత పెరిగితే పైరు అంత ఏపుగా ఎదుగుతుందనీ కొందరు వాదిస్తున్నారు. ఈ మాటలో సగం సత్యమున్నది. మిగిలిన సగం గుడుపల్లె వంటి మెట్టప్రాంతపు రైతు తప్పక తెలుసుకోదగినది.

పారిశ్రామిక విప్లవానికి పూర్వం గాలిలోని ప్రతి పదిలక్షల పాళ్ళలో ఈ వాయువు సుమారు 280 పాళ్ళు ఉండేది. హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతంపై 1958లో కొలతలు మొదలైననాటికి 315కు చేరింది. నేడు 420 దాటింది. ఈ పెరుగుదల వలన వేరుశనగ, వరి, మల్బరీ వంటి మొక్కలలో కిరణజన్య సంయోగక్రియ వేగం పుంజుకొంటుంది. పత్రరంధ్రాలు కొంత మూసుకొని, ఆకునుండి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. వానను నమ్మి వేరుశనగ విత్తే రైతుకు ఇది శుభవార్తగానే తోచవచ్చు.

కాని ఆ వాయువు ఒంటరిగా రాదు. వేడిమిని వెంటబెట్టుకొని వస్తుంది. పూత సమయంలో ఎండ తీవ్రమైతే పుప్పొడి చెడిపోతుంది. నేల ఎండి గట్టిపడితే ఊడలు లోనికి దిగవు. పైన చెట్టు పచ్చగా కనిపించినా, పెరికి చూస్తే కాయలు నాలుగే. ఆ పచ్చదనం పశువుల మేతకు పనికివస్తుంది. పాడి గల ఇంటికి అదీ తక్కువేమీ కాదు, కాని విత్తనాల ఖర్చు దానితో తీరదు.

ఆకు నాణ్యత సంగతి మరింత ఆలోచించదగినది. ఇట్టి గాలిలో పెరిగిన ఆకులో పిండిపదార్థాలు హెచ్చి, నత్రజని పాలు తగ్గుతుంది. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ పైకప్పు లేని గదులలో వేరుశనగను పెంచి పరీక్షించగా, ఆ ఆకులను మేసిన పొగాకు లద్దెపురుగులు మామూలుకంటె ఎక్కువ ఆకును తిన్నాయి. మల్బరీ ఆకుకూ ఇదే గతి పడితే కుప్పం పరిసరాలలోని పట్టురైతు మాటేమిటి? పట్టుపురుగు గూడు అల్లేది ఆకులోని మాంసకృత్తులతోనే. ఆకు ఎన్ని మోపులు వచ్చిందని కాక, గూడు ఎంత తూగిందని అడగాలి. మనుషుల తిండీ ఇందుకు మినహాయింపు కాదు. ఈ వాయువు పెరిగితే వరి, గోధుమలలో ఇనుము, జింకు తగ్గుతాయని 2014లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది.

రాగి తీరు వేరు. ఈ వాయువును ఆకులోనే కూడబెట్టుకొనే ఏర్పాటు దానికి సహజంగా ఉన్నది. కనుక గాలిలో అది పెరిగినందువలన కలిగే అదనపు లాభం స్వల్పం. ఈ లెక్క చూపి రాగిని వెనుకకు నెట్టడం అవివేకమని నా అభిప్రాయం. తక్కువ నీటితో, ఎండకు ఓర్చి నిలిచే పైరు అది. ఈ ప్రాంతంలో సంకటి తినని ఇల్లు అరుదు. వేరుశనగ విత్తనానికి రాయితీ ఇచ్చే ప్రభుత్వం రాగి విత్తనంపైనా అంతటి శ్రద్ధ చూపవలసి ఉన్నది.