బంగారు బల్లికి దండం, ఇంటి బల్లికి చీపురు

తిరుమలలో బంగారు బల్లి కనబడిందంటూ ఈమధ్య మళ్లీ ఒక వీడియో నా ఫోనుకు వచ్చింది. చూసినవాళ్ల దోషాలన్నీ పోతాయట, పదిమందికి పంపాలట. చదివి ఒళ్లు మండింది.

ఎవరి దోషాలూ కడగడానికి పుట్టిన జీవి కాదది. శేషాచలం కొండల్లో, వాగుల పక్కన, చెమ్మ దిగే బండల నెర్రెల్లో బతుకుతుంది. చీకటిపడ్డాక పురుగుల వేటకు బయటికొస్తుంది. ఆ పసుపు మెరుపు మగవాటిది, ఆడవీ పిల్లలూ మట్టిరంగులో రాతిలో కలిసిపోతాయి. చాలా ఆడబల్లులు ఒకేచోట బండకు గుడ్లు అంటిస్తాయి. 1870లో బెడ్డోమ్ అనే ప్రకృతి పరిశోధకుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తూర్పు కనుమలే దీనికి ప్రధానమైన ఇల్లు. ఈ సంగతుల్లో ఒక్కటీ ఆ వీడియోలో లేదు.

ఆ వీడియోకు దండం పెట్టిన చేతులే ఇంట్లో బల్లిని చీపురుతో కొడతాయి. మీద పడిందంటే ఫలితం చూడ్డానికి పంచాంగంలో బల్లిపాటు పట్టిక తీస్తాయి. మగవాడికి కుడి మంచిది, ఆడదానికి ఎడమ మంచిది! మా పిన్ని కొత్తకోడలిగా ఉన్నప్పుడు కొప్పు మీద బల్లి పడింది. అత్తగారు పట్టిక చూసి ‘రోగభయం’ అని చదివింది. పిన్నికి తలస్నానం చేయించి దీపం పెట్టించారు. ఆ ఏడే మామగారు మంచం పట్టారు. ఆయన ఏళ్ల తరబడి కాల్చిన చుట్టల మాట ఎవరూ ఎత్తలేదు, జబ్బు పిన్ని తెచ్చిందన్నారు. ఆయన పోయాక శుభకార్యాలకు ఆమెను పిలవడం మానేశారు. తోటికోడళ్లు తమ బిడ్డల్ని ఎత్తుకోనిచ్చేవారు కాదు. ఏ తప్పూ చేయని మనిషి, బల్లి కూత వింటే చివరిదాకా వణికింది. ఆ ఇంటివాళ్లెవరూ క్రూరులు కారు. పంచాంగాన్ని నమ్మారు, అంతే.

దోషం పోవాలంటే కంచి వరదరాజస్వామి గుడిలో పైకప్పుకున్న బంగారు, వెండి బల్లుల్ని తాకి రమ్మంటారు. పిన్నినీ తీసుకెళ్లారు. తిరిగొచ్చాకా నింద అలాగే ఉంది.

బల్లి ఎందుకు పడుతుంది? దాని పాదాల అడుగున లక్షల సూక్ష్మ రోమాలుంటాయి, వాటి పట్టుతోనే గోడకు అంటుకుంటుంది. గోడ తడిసినా, పోట్లాటలో తోసుకున్నా ఆ పట్టు తప్పుతుంది. కింద ఎవరి తల ఉందో, అది ఆడవాళ్లదో మగవాళ్లదో బల్లికి తెలియదు.

ఏటా ఉగాదికి తిథులూ గ్రహణాలూ కొత్తగా లెక్కకడతారు. బల్లిపాటు పట్టిక మాత్రం పాతదే అచ్చవుతుంది. పంచాంగం వేసే పెద్దలు వచ్చే ఉగాదికి ఆ పేజీ తీసెయ్యాలి.